సున్నా, గీత: నాగోల్ వంతెన మీద పన్నెండు ఆదివారాలు

ఫిబ్రవరి 2, 2025

ఇవాళ మొదలుపెట్టాను. పని చిన్నదే. ఆదివారం పొద్దున నాగోల్ వంతెన మీద ఒకే చోట నిలబడి, మూసీలో కనిపించిన నీటిపక్షులన్నిటినీ లెక్కపెట్టడం. వారానికి ఒక గంట, ఏప్రిల్ మూడో వారం దాకా.

చలికాలానికి వచ్చిన బాతులు తిరిగి ఎప్పుడు పోతాయో నేను ఒక్క ఏడూ చూడలేదు. ఫిబ్రవరిలో ఆఫీసు బస్సు కిటికీలోంచి చూస్తే నది నిండా ఉంటాయి. ఎండలు ముదిరాక ఒకరోజు చూస్తే ఉండవు. "అరె, పోయాయే" అనుకుని మళ్ళీ ఫోన్‌లో తలదూరుస్తాను. ఏ వారం పోయాయి, ఒక్కసారే లేచాయా, కొంచెం కొంచెంగా జారుకున్నాయా? ఈసారి పట్టుకోవాలి.

సామాను: సెకండ్ హ్యాండ్ 8×42 బైనాక్యులర్. మా అమ్మాయి పరీక్ష అట్ట, దానికి క్లిప్పు పెట్టి గళ్ళు కొట్టిన కాగితం. పెన్సిలు (చెమట చేతికి పెన్ను సిరా అలుక్కుపోతుంది). విరిగిన తుడుపుకర్ర, చేతులు వణక్కుండా బైనాక్యులర్ ఆనించుకోడానికి. ఇంకా, వేలికి ఉంగరంలా తొడుక్కునే జపం కౌంటర్. గుడి పక్క కొట్లో యాభై రూపాయలు. నేను జపం మొదలుపెట్టానని అమ్మ తెగ సంబరపడింది. బాతుల కోసమని చెప్పే ధైర్యం రాలేదు.

నాగోల్ వైపు నుంచి మూడో దీపస్తంభం నా స్థానం. 6:45కు నిలబడ్డాను. లారీ వచ్చినప్పుడల్లా వంతెన ఊగుతుంది, బైనాక్యులర్లో బాతులు కూడా ఊగుతాయి. దిగువ వైపు పక్షులు ఎక్కువ కనిపించాయని అటే తిరిగాను. అది తూర్పు. పొద్దెక్కేసరికి పక్షులన్నీ నల్లటి బొమ్మలే. ఏది బాతో ఏది బొల్లికోడో చెప్పలేని పరిస్థితి. షవెలర్లు (చలికాలానికి వచ్చే వెడల్పు ముక్కు బాతులు) "సుమారు 150" అని రాశాను. సగం గళ్ళు ఖాళీ.

ఫిబ్రవరి 9

ఇవాళ వరస మార్చాను. ముందు ఎగువ వైపు చూడాలి, పొద్దు వీపు మీద పడుతుంది. తర్వాత గట్టు దిగి, గడ్డి మళ్ళ పక్క బాట మీద నడిచి, పక్క నుంచి దిగువ వైపు చూడాలి. ఇంత చిన్న సంగతి ముందే తట్టొచ్చు.

బైనాక్యులర్‌కు ఫోన్ బిగించే ప్రయోగం కూడా చేశాను. ప్లంబింగ్ షాపులో ప్లాస్టిక్ పైపు కప్లర్ కొని, లోపల సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, కంటి కటకం మీదికి ఎక్కించి, అవతలి చివర పాత ఫోన్ కవర్ అంటించాను. మొదట ఏ ఫోటో తీసినా చుట్టూ నలుపు, మధ్యలో రూపాయి బిళ్ళంత బొమ్మ. అరగంట కుస్తీ పట్టాక తెలిసింది, నా ఫోన్‌కు ఉన్న మూడు కెమెరాల్లో అది దానంతటదే ఒకదాన్నుంచి ఒకదానికి మారిపోతోంది. ప్రో మోడ్‌లోకి వెళ్ళి పెద్ద కెమెరా ఒక్కదాన్నే ఖాయం చేస్తే కుదిరింది. పోటీలకు పంపే ఫోటోలు కావు గానీ, ఇంటికెళ్ళి బాతా బొల్లికోడా అని తేల్చుకోడానికి చాలు.

షవెలర్లు 180. ఇది కూడా చూపుతో వేసిన అంచనాయే.

ఫిబ్రవరి 16

ఈ నాలుగు రోజులు (14 నుంచి 17) ప్రపంచమంతా ఇంటి పరిసరాల్లో పక్షుల్ని లెక్కపెట్టే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్. వంతెన మీద ఇంకో పెద్దాయన కలిశారు. నలభై ఏళ్ళుగా పక్షులు చూస్తున్నారట. నా అట్ట తీసుకుని, కళ్ళజోడు పైకి నెట్టి, ఖాళీ గడి మీద వేలు పెట్టారు.

"ఇక్కడేం రాయలేదేం బాబూ? కంకణాలు లేవా, నువ్వు చూడలేదా?"

చెప్పలేకపోయాను. కంకణాలంటే వంకర ముక్కు నీటిపక్షులు. ఫిబ్రవరి 2న నల్ల కంకణాలు లేవా, ఎండలో కనపడలేదా, రాయడం మర్చిపోయానా? మూడింటికీ నా కాగితం మీద ఒకటే గుర్తు: తెల్ల గడి.

"వెతికావు, లేదు. అప్పుడు సున్నా వెయ్యి. వెతకలేదు, గీత గియ్యి. ఖాళీ మాత్రం వదలకు. ఉన్నవాటిని అందరూ రాస్తారు, లేనిదాన్ని రాస్తేనే లెక్క అవుతుంది."

ఈబర్డ్‌లో (పక్షుల లెక్కలు నమోదు చేసే వెబ్‌సైటు) జాబితా పంపేముందు "మీరు గుర్తుపట్టగలిగిన పక్షులన్నిటినీ రాశారా" అని ఎందుకు అడుగుతుందో నాకు ఇవాళే అర్థమైంది. అవునంటేనే, జాబితాలో లేని పక్షి ఆ రోజు అక్కడ మన కంట పడలేదని లెక్క. కాదంటే దాని గురించి ఏమీ చెప్పలేం. ఇన్నాళ్ళూ ఆ ప్రశ్న చూడకుండా ఏదో ఒకటి నొక్కేస్తున్నాను.

ఇక నుంచి ఇదే రూలు. మొదటి రెండు వారాల ఖాళీ గళ్ళన్నిటికీ ఇంటికొచ్చి గీతలు గీశాను. మనసొప్పలేదు గానీ సున్నాలు వేసే హక్కు నాకు లేదు.

ఫిబ్రవరి 20 (గురువారం, ఇంట్లో)

షవెలర్ల అంచనా మీద నమ్మకం పోయింది. రాత్రి భోజనాలయ్యాక అమ్మాయితో పరీక్ష పెట్టించుకున్నాను. స్టీలు కంచంలో గుప్పెడు పెసలు చల్లుతుంది, ఒకటి నుంచి మూడు దాకా లెక్కపెట్టి పేపరు కప్పేస్తుంది. నేను ఎన్నో చెప్పాలి. తర్వాత ఇద్దరం కూర్చుని లెక్కపెట్టాలి.

ముప్ఫై లోపలైతే దాదాపు సరిగ్గానే చెప్పాను. 84 ఉంటే 65 అన్నాను. 243 ఉంటే 150 అన్నాను.

"నాన్నా, నూట యాభై నీకు బాగా ఇష్టమైన నంబరా?" అంది అమ్మాయి.

మొదటి రోజు రాసిన 150 గుర్తొచ్చి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. గుంపు పెద్దదయ్యేకొద్దీ మన కన్ను తక్కువ చెబుతుంది, ఇది చాలామందికి ఉండేదే. మందు కూడా అందరూ చెప్పేదే. ముందు పది గింజలు నిజంగా లెక్కపెట్టి, ఆ పది ఎంత జాగా పడుతుందో కంటికి పట్టించుకుని, ఆ జాగాని గుంపు మీద అలా అలా పరుస్తూ పోవడం. కౌంటర్ ఒక నొక్కు అంటే పది. పదిసార్లు ఆడాక నా తప్పు బాగా తగ్గింది. పెసలు కంచం దాటి సోఫా కిందికి కూడా పోయాయి. మా ఆవిడ ఏమీ అనలేదు. అదే భయం.

మొదటి రెండు వారాల అంకెల పక్కన "సు" అని రాశాను. దిద్దలేదు.

ఫిబ్రవరి 23

షవెలర్లు 222. ఒక్కొక్కటీ లెక్కపెట్టినవి కావు, పదుల్లో పరిచినవి. అయినా ఈ అంకె నాదే అని చెప్పుకోగలను.

ఇవాళ గట్టు కిందికి దిగి, పాతిక అడుగుల దూరం నుంచి వాటిని ఇరవై నిమిషాలు చూశాను. మగదానికి ఆకుపచ్చ తల, తెల్లని రొమ్ము, ఇటుకరంగు పక్కలు. ఆడది గోధుమరంగు. రెండింటికీ ముక్కు మాత్రం అన్నం గరిటె లాగా చివర వెడల్పు. నేను గరిటెముక్కు బాతు అంటున్నాను. ముక్కు అంచుల్లో దువ్వెన పళ్ళలాంటివి ఉంటాయి. నీళ్ళు లోపలికి లాగి, ఆ పళ్ళ సందుల్లోంచి బయటికి తోసి, మిగిలిన పురుగూ పుట్రా మింగుతాయి. మనం బియ్యం కడిగి జల్లెట్లో వంపినట్టు.

అసలు వింత అది కాదు. ఒక పదిహేను బాతులు ముక్కులు నీళ్ళలో పెట్టి, ఒకదాని తోక వెనక ఒకటి, గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి. గానుగెద్దుల్లా. తల ఎత్తవు, గొడవ పడవు. ఆ సుడికి అడుగున ఉన్నది పైకి లేస్తుంది. ముందు బాతు కాళ్ళతో కలిపింది వెనక బాతు నోట్లో పడుతుంది. తిరిగి తిరిగి, ఎవరో ఈల వేసినట్టు ఒక్కసారి విడిపోయాయి.

పైన అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్ల మురుగు శుద్ధి చేసే ప్లాంటు ఉంది. శుద్ధి కాకుండా కలిసేది వేరే. 1908 వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వాన నీళ్ళను పైనే ఆపేస్తాయి కాబట్టి, ఎండాకాలం నాగోల్ దగ్గర పారేది ఎక్కువగా మనం వాడి వదిలిందే. అందులో పురుగు పుష్కలం, అందుకే ఈ బాతులు. పక్షులున్నాయి కాబట్టి నది బాగుందని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. పెళ్ళివారింటి వెనక ఎంగిలాకుల దగ్గర కుక్కలు చేరినంత మాత్రాన వీధి శుభ్రంగా ఉన్నట్టా?

మార్చి 2

షవెలర్లను ఇవాళ ఒక్కొక్కటిగా నొక్కుతూ పోతుంటే 187 దగ్గర కౌంటర్ రీసెట్ బటన్ మీద వేలు పడింది. 0. అట్ట మీద గుర్తులు లేవు. మళ్ళీ మొదట్నుంచి లెక్కపెడితే 191 వచ్చింది. ఈలోపు కొన్ని లేచాయి, కొన్ని వాలాయి. రీసెట్ బటన్ మీద అగ్గిపుల్ల ముక్క పెట్టి టేపు వేశాను.

మార్చి 9

షవెలర్లు 148. తగ్గుతున్నాయి, అయితే లేచిపోతుండగా ఒక్కటీ చూడలేదు. పెద్దాయనకు ఫోన్ చేస్తే, చాలా బాతులు రాత్రిపూటే ప్రయాణం కడతాయి, నువ్వు పొద్దున చూసేది మిగిలినవాటినే అన్నారు.

ఇంకో తప్పు దొరికింది. గడియారం ప్రకారం 6:45కే వస్తున్నాను. మొదటి వారం అది సరిగ్గా సూర్యోదయం. ఇప్పుడు సూర్యోదయం 6:30 దగ్గరికి జరిగింది, ఏప్రిల్ ఇరవైకల్లా ఆరు లోపలికి వస్తుంది. పొద్దెక్కాక కొంగలు మేతకు చెదిరిపోతాయి కాబట్టి, ఇలాగే పోతే నా లెక్క వసంతాన్ని కాదు, నా బద్ధకాన్ని కొలుస్తుంది. ఇక నుంచి సూర్యోదయానికే నిలబడాలి.

గడ్డి మళ్ళ దగ్గర ఒక పెద్దమ్మ కొడవలితో కనిపించింది. ఇక్కడ గట్టు పొడుగునా పశువుల మేతకు గడ్డి పెంచుతారు, కోసి మోపులు కట్టి అమ్ముతారు. నా అట్ట, పెన్సిలు చూసి ఆమె ముఖం మాడిపోయింది.

"మళ్ల సర్వేనా బిడ్డా?"

"కాదు పెద్దమ్మా, పిట్టలను లెక్కపెడుతున్న."

"పిట్టలకు గూడ సర్వేనా!" అని నవ్వింది. "ఆటికేం నోటీసులిస్తరు, పాపం."

మార్చి 16

షవెలర్లు 86. ఉల్లంకి పిట్టలు (ఒడ్డు బురదలో మేసే చిన్న పక్షులు) 31, పోయిన వారం కంటే ఎక్కువ. దక్షిణాన ఉన్నవి పైకి వెళ్తూ ఇక్కడ ఆగుతున్నాయని నా ఊహ. పసుపు జిట్టంగులు (తోక ఆడించే చిన్న పిట్టలు) ఫిబ్రవరిలో బూడిద పూసుకున్నట్టు ఉండేవి. ఇప్పుడు మగవాటి పొట్ట పసుపు ముద్దలో ముంచి తీసినట్టుంది. పెళ్ళి ఇక్కడ కాదు, ఎక్కడో ఉత్తరాన. ముస్తాబు మాత్రం మూసీ ఒడ్డునే మొదలెట్టాయి.

నీలం బొల్లికోళ్ళు పోయిన వారం 40, ఇవాళ 6. గుండె జారింది. ఇవి ఏడాది పొడుగునా ఇక్కడే ఉండేవి కదా, ఎక్కడికి పోతాయి? తర్వాత చూస్తే వంతెన ఎగువన గుర్రపుడెక్క లేదు. వారం మధ్యలో యంత్రం వచ్చి తీసిందట. ఒడ్డున కుప్పలు పోసి ఉంది. దోమలకు మంచిదే, కాదనను. అంకె పక్కన "గుర్రపుడెక్క తీశారు" అని రాశాను. అది లేకపోతే ఏడాది తర్వాత ఈ కాగితం చూసుకుని నేనే ఏదో సిద్ధాంతం అల్లేవాణ్ణి.

మార్చి 23

షవెలర్లు 61.

పెద్దమ్మ దూరం నుంచే చెయ్యి ఊపింది. "గా కంకర కుప్ప మీదికి పోకు బిడ్డా. తీతువ గుడ్లు వెట్టింది. తొక్కేవు."

ఎవరో ఇల్లు కూలగొట్టి తెచ్చి పోసిన సిమెంటు పెళ్ళల కుప్ప అది. ముప్ఫై అడుగుల దూరం నుంచి బైనాక్యులర్‌తో ఎంత వెతికినా కనపడలేదు, తల్లి లేచి నడిచేదాకా. అప్పుడు కనపడ్డాయి. చిన్న గుంట, చుట్టూ చిప్స్ కంకర, మధ్యలో నాలుగు గుడ్లు, సన్నటి కొసలు లోపలికి పెట్టి. బురద రంగు మీద నల్ల మచ్చలు. కళ్ళు ఒక్కసారి పక్కకు తిప్పితే మళ్ళీ వెతుక్కోవాల్సిందే.

తల్లి నీళ్ళ దాకా నడిచింది. తాగుతుందనుకున్నాను. నీళ్ళలో పొట్ట ఆనించి కూర్చుంది, అటూ ఇటూ ఊగింది, లేచి, పొట్ట ఈకల్లోంచి బొట్లు కారుతుండగా గబగబా వెనక్కి వచ్చి గుడ్ల మీద కూర్చుంది. తడిగుడ్డ వేసినట్టు. ఎండలో సిమెంటు పెళ్ళల మీద గుడ్లు ఉడికిపోకుండా ఇవి ఇలా చేస్తాయని చదివాను. కళ్ళతో చూడడం ఇదే మొదటిసారి. గంటలో మూడుసార్లు వెళ్ళింది.

"తీతువ కూస్తే మంచిది కాదంటారు కదా పెద్దమ్మా?"

"అంటరు. మనం వొయ్యి దాని గుడ్ల కాడ నిలవడితే కుయ్యదా మరి? నీ ఇంటి ముంగట దొంగ నిలవడితే నువ్వు ఊకుంటవా?"

పట్టికలో కొత్త వరస చేర్చాను: తీతువు గుడ్లు, 4. పిల్లలవడానికి నాలుగు వారాలు పడుతుంది. అంటే ఏప్రిల్ 20.

మార్చి 30, ఉగాది

"పండగ పూట కూడా మూసీయేనా?" అంది అమ్మ. తలంటు పోసుకుని, పచ్చడి తిన్నాకే వదిలింది. సూర్యోదయం దాటి పావుగంట. ఆ మాట కాగితం మీద రాశాను.

షవెలర్లు 9. వారంలో 61 నుంచి 9కి. మిగిలిన తొమ్మిదీ ఒకే చోట, సుడి తిరగడం కూడా మానేసి, తలలు రెక్కల్లో దూర్చి.

కోకిలలు 3, చూడలేదు, విన్నాను. అవి ఎక్కడినుంచో వసంతం తెచ్చినట్టు మన పద్యాలన్నీ చెప్తాయి గానీ ఈ కోకిలలు ఎక్కడికీ పోలేదు. చలికాలమంతా ఈ చెట్ల మీదే నోరు మూసుకుని ఉన్నాయి. వచ్చే పక్షి గురించి ఇంత పాడుకున్నాం, పోయే పక్షికి ఒక్క మాటా దొరకదు. టీవీలో పంచాంగ శ్రవణం వినపడుతుంటే మూసీ నది రాశి ఫలం రాద్దామనిపించింది: ఆదాయం 4 (తీతువు గుడ్లు), వ్యయం 213.

గుడ్లు: తల్లి మీద కూర్చునే ఉంది, లేవలేదు. గీత.

ఏప్రిల్ 6, శ్రీరామనవమి

షవెలర్లు 2, రెండూ ఆడవే. పసుపు జిట్టంగి 1. ఉల్లంకి పిట్టలు 12. స్టిల్ట్‌లు 57, వాటి ఎర్ర పుల్లల కాళ్ళకు ఈ నీళ్ళే ఇల్లు, ఎటూ పోవు. గుడ్లు 4.

రెండు కుక్కలు కంకర కుప్ప వైపు వచ్చాయి. తీతువు జంట వాటి తలల మీదికి దూకి అరిచి గోల చేసి, గడ్డి మళ్ళ దాకా తరిమాయి. పక్షులకు సాయం చేద్దామని రాయి తీశాను, అవసరం పడలేదు. ఆ రాయి చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను, టెన్షన్‌తో.

ఏప్రిల్ 13

షవెలర్లు 0.

ఎగువ చూశాను, దిగువ చూశాను, గట్టు వెంట రెండు వంపుల దాకా నడిచాను. ఇంకో అరగంట కూర్చున్నాను. ఈ సున్నాకు పట్టినంత సమయం 222కు పట్టలేదు.

గుడ్డికొంగల వీపు మీదికి ముదురు వక్క రంగు వచ్చింది. మొన్నటిదాకా మట్టిలో మట్టిలా ఉన్నది ఇప్పుడు శాలువా కప్పుకున్నట్టుంది. పశువుల వెంట తిరిగే తెల్ల కొంగల్లో రెండింటి తల పండిన నారింజ రంగులోకి తిరుగుతోంది. గుర్రపుడెక్క మళ్ళీ అరచేతి మందాన అల్లుకుంది, నీలం బొల్లికోళ్ళు 19.

తీతువు కూర్చునే ఉంది. పెద్దమ్మ రాలేదు.

ఏప్రిల్ 20

సూర్యోదయం 5:58. షవెలర్లు 0. ఉల్లంకి 2. జిట్టంగుల్లో పసుపువి 0, ఊరివైన నలుపు తెలుపువి 3, అందులో ఒకటి పైపు అంచు మీద కూర్చుని పాడుతోంది. గులాబి గోరింకలు మొన్నటిదాకా తీగల మీద వందల్లో ఉండేవి, ఇవాళ 0. అవి నా పట్టికలో మొదట్నుంచీ లేవు, మార్చిలో చేర్చాను, అంతకు ముందు గీతలే.

కంకర కుప్ప మీద గుంట ఖాళీ. పెంకు ముక్క కూడా లేదు. పిల్లలయ్యాక పెంకుల్ని తల్లే దూరంగా తీసుకెళ్ళి పడేస్తుంది. కుక్క తిన్నా ఏమీ మిగలకపోవచ్చు. గుంట ఎటువైపు నుంచి చూసినా ఒక్కలాగే ఉంది.

జంట మాత్రం ఉంది. కుప్ప దగ్గర కాదు, నలభై అడుగుల అవతల, గడ్డి మడి అంచున. నేను అటు రెండడుగులు వేశానో లేదో ఒకటి తల మీదికి దూసుకొచ్చింది. రెక్క గాలి చెవికి తగిలింది. ఇంకొకటి నేల మీద కాలు విరిగినట్టు కుంటుతూ నన్ను ఇంకో వైపు పిలుస్తోంది. ఖాళీ గుంట కోసం ఇంత నాటకం ఎవరూ ఆడరు.

పెద్దమ్మ మోపు కడుతూ చూస్తోంది. "పిల్లలున్నయి బిడ్డా, ఆ గడ్డిల. ఇంకో నాలుగడుగులు వోతే కనవడ్తయి."

నాలుగడుగులు వేస్తే కనపడేవేమో. కాలి కిందా పడేవేమో. వెనక్కి వచ్చేశాను. వంతెన మీద మూడో దీపస్తంభం దగ్గర అట్ట తెరిచి, తీతువు పిల్లలు అన్న గడిలో పెన్సిలు పెట్టి, గీత గీశాను.